డయల్-అప్ మోడెము సంబంధములు: పరీక్షావిధానము, దోషనిర్ణయము

ఇంటి టెలిఫోను తీగమీదుగా కంప్యూటరును లోకముతో జతపరచు పద్ధతికి డయల్-అప్ అని పేరు. భారతదేశమున సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు సేవ 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైనది. అటుపిమ్మట ఇంచుమించు పది సంవత్సరములు మనలో అత్యధికులు ఇంటర్నెట్టును ఎరిగినది ఈ త్రోవనే. నేడు ఈ పద్ధతి దాదాపు కనుమరుగైనది. అమెరికాలో ఈ సేవకు మారుపేరైన ఏ.ఓ.ఎల్. సంస్థ సైతము తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30వ తేదీతో ముగించినది.

అట్టి విద్యను గూర్చి ఇప్పుడు వ్రాయుటేల యని పాఠకులు అడుగవచ్చును. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది, ఈ పరికరములు పూర్తిగా నశింపలేదు. ప్రధానమార్గము తెగినప్పుడు దూరమునున్న యంత్రమును చేరుటకై ఒక మోడెమును, ఒక టెలిఫోను తీగను ప్రత్యేకించి యుంచు ఆచారము నేటికిని కొన్ని యంత్రశాలలలో కలదు. రెండవది ముఖ్యమైనది. డయల్-అప్ సంబంధమున కంప్యూటరు ఒకరిది, తీగ వేరొకరిది, సర్వరు మరియొకరిది. పని చెడినప్పుడు ఎవరికి వారు తమ భాగము మంచిదే యందురు. ఇట్టి చోట దోషమును నిష్పక్షపాతముగా నిర్ణయించుట యెట్లు? ఈ ప్రశ్నకు డయల్-అప్ నేర్పినంత స్పష్టమైన పాఠము వేరొకటి నాకు కానరాలేదు.

ఈ సంపుటమును చదువువారిలో పెక్కురు తరతరములుగా తెలుగునాటికి వెలుపల స్థిరపడినవారు. వారికి ఈ విషయమున మరియొక సంబంధమును కలదు. 1990వ దశకపు ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతిని అనుసరించి, తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి, యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చాసమూహమునకు పంపినవారు ఆనాడు పలుదేశములలో నుండిరి. వారిలో ఇంటినుండి వ్రాసినవారికి మోడెమే వాకిలి. ఆ వాకిలి మూసికొన్ననాడు తెలుగు మాటయు నిలిచిపోయెడిది.

ఉదాహరణమునకై నేను స్వయముగా చూచిన ఒక సందర్భమును ముందుగా చెప్పెదను. 1999వ సంవత్సరపు వర్షకాలమున హోసూరులోని ఒక చిన్న తెలుగు అచ్చుకూటము తన ప్రతులను డయల్-అప్ ద్వారా బెంగుళూరునకు పంపుచుండెను. కొంతకాలమునకు సంబంధము మాటిమాటికి తెగజొచ్చెను. ఒక్కొక్కప్పుడు అసలు కుదరకయే పోయెను. కంప్యూటరు విక్రయించినవారు తీగను నిందించిరి. టెలిఫోను కార్యాలయమువారు మాట స్పష్టముగా వినిపించుచున్నది గనుక తీగ మంచిదే యనిరి. ఇంటర్నెట్టు సేవ నిచ్చువారు మోడెమును మార్చుమనిరి. అచ్చుకూటపు యజమాని రెండు మోడెములను కొనెను; గుణము కానరాలేదు. వివాహపత్రికల పనులు చేయి జారుచుండగా ఆయన నన్ను పిలిపించెను. ఈ కథ ముగింపును వ్యాసాంతమున చూతము.

1. మార్గస్వరూపము

కంప్యూటరునుండి వెలువడిన అంకెల ప్రవాహము ముందుగా సీరియల్ ద్వారమును దాటి మోడెమును చేరును. మోడెము ఆ అంకెలను ధ్వనిగా మార్చి టెలిఫోను తీగమీదికి పంపును. ఆ ధ్వని గోడకుదురునుండి వీధిస్తంభమునకు, అచ్చటినుండి భూగర్భపు కేబులుద్వారా ఎక్స్ఛేంజికి పోవును. ఎక్స్ఛేంజి దానిని సేవ నిచ్చు సంస్థయొద్దనున్న నెట్‌వర్కు యాక్సెస్ సర్వరునకు కలుపును. దీనినే ఈ వ్యాసమున ప్రవేశ సర్వరు అందుము. ప్రవేశ సర్వరులోని మోడెము ధ్వనిని మరల అంకెలుగా మార్చును. తరువాత వచ్చినవాడెవడో విచారించి, అతనికొక చిరునామా నిచ్చి, ఇంటర్నెట్టులోనికి విడుచును.

ఈ మార్గమున ఏడు అంచెలు కలవు: కంప్యూటరు–మోడెముల నడిమి బంధము, టెలిఫోను తీగ, పిలుపు, దానికి బదులు, రెండు మోడెముల ఒడంబడిక, వచ్చినవాని గుర్తింపు, చిరునామా ప్రదానము. ఒక అంచె నెరవేరినగాని తరువాతి అంచె మొదలుకాదు. పరీక్షకు మూలసూత్రము ఈ వరుసలోనే యున్నది. దగ్గరనుండి దూరమునకు పోవలెను. ఒక అంచె మంచిదని ఋజువు కాకుండ దాని తరువాతి అంచెను అనుమానింపరాదు. ఒక పర్యాయమునకు ఒక్క మార్పునే చేయవలెను. చేసిన ప్రతి పిలుపును గంటతోను, ఫలితముతోను పుస్తకమున వ్రాసికొనవలెను.

2. కంప్యూటరు, మోడెము

1981లో హేయిస్ సంస్థ వెలువరించిన స్మార్ట్‌మోడెము సెకనునకు 300 బిట్ల వేగముగలది. అందు ప్రవేశపెట్టబడిన ఆజ్ఞల పద్ధతినే తరువాతి మోడెములు దాదాపుగా అన్నియు స్వీకరించినవి. ఆ ఆజ్ఞలు ‘ఏటీ’ అను రెండక్షరములతో మొదలగును. అవధానమను అర్థమునిచ్చు ఇంగ్లీషు పదమునకు అవి సంక్షేపము. టెర్మినల్ ప్రోగ్రామును తెరచి ‘ఏటీ’ అని కొట్టి ఎంటరు నొక్కినయెడల మోడెము ‘ఓకే’ యని బదులు పలుకవలెను. ఈ చిన్న పరీక్షకు టెలిఫోను తీగతో పని లేదు, ఖర్చును లేదు. బదులు రానిచో తప్పు ఈ గదిలోనే యున్నదని తేలును. కేబులు వదులుగా నుండవచ్చును. ద్వారపు సంఖ్య తప్పియుండవచ్చును. వేరొక ప్రోగ్రాము ఆ ద్వారమును పట్టుకొని యుండవచ్చును.

బదులు వచ్చిన పిమ్మట ‘ఏటీ&ఎఫ్’ అను ఆజ్ఞతో మోడెమును తయారైననాటి అమరికకు తేవలెను. ఇతరులు ఏనాడో చేసిపోయిన మార్పులు దీనితో తొలగిపోవును. హేయిస్ పద్ధతిననుసరించు పెక్కు మోడెములలో ‘ఏటీ&టీ1’ అను ఆజ్ఞ మరియొక పరీక్షను చేయించును. అప్పుడు మోడెము తాను పంపిన ధ్వనిని తానే విని మరల అక్షరములుగా మార్చును. కొట్టిన అక్షరములు చెడకుండ తెరమీదికి తిరిగివచ్చినచో మోడెములోని ముఖ్యభాగములు ఆరోగ్యముగా నున్నవని నమ్మవచ్చును. పై అచ్చుకూటమువారు ఈ ఒక్క పరీక్ష చేసికొనియుండినచో రెండు మోడెముల మూల్యము మిగిలియుండెడిది.

ఈ అంచెలోనే మరి రెండు సూక్ష్మదోషములు దాగియుండును. మొదటిది వేగమునకు సంబంధించినది. సీరియల్ ద్వారమును సెకనునకు 115,200 బిట్లకు అమర్చినప్పుడు, అక్షరమునకు పది బిట్ల చొప్పున, 11,520 అక్షరములు వచ్చును. పాత 16450 చిప్పు ఒక్కొక్క అక్షరమునే నిలుపుకొనగలదు. కంప్యూటరు క్షణమాత్రము ఏమరినను అక్షరము జారిపోవును. 16550 చిప్పునందు పదునారు అక్షరములకు చోటు కలదు గనుక ఆ నష్టము తగ్గును. రెండవది ప్రవాహనియంత్రణమునకు సంబంధించినది. ‘ఆగుము’, ‘సాగుము’ అను సంజ్ఞలను ప్రత్యేకమైన తీగలద్వారా పంపుట ఉత్తమము. వానిని అక్షరములరూపమున ప్రవాహములోనే కలిపినచో, పంపు ఫైలులో అవే అక్షరములు దొరలినప్పుడు మోడెము వానిని ఆజ్ఞలని భ్రమించును. ఉత్తరములు చక్కగా పోవుచు, బొమ్మలును ప్రోగ్రాములును నడుమ నిలిచిపోవుచున్నచో ఈ దోషమును ముందుగా శంకింపవలెను.

3. టెలిఫోను తీగ

మాట స్పష్టముగా వినిపించుట తీగ మంచిదనుటకు చాలిన సాక్ష్యము కాదు. మన చెవి మిక్కిలి ఓర్పుగలది. మాటలో ఒక అక్షరము చెడినను సందర్భమునుబట్టి మనము పూరించుకొందుము. మోడెమునకు ఆ శక్తి లేదు. క్షణకాలపు చిటపటను మనము పట్టించుకొనము. మోడెము దానివలన తన సంబంధమునే కోల్పోవచ్చును.

కావున తీగను ప్రత్యేకముగా పరీక్షింపవలెను. మోడెమును ఊడదీసి, ఆ కుదురునకే సామాన్యమైన టెలిఫోనును తగిలింపవలెను. రిసీవరు నెత్తి ఒక అంకెను మాత్రము త్రిప్పినచో డయలు టోను ఆగి కొంతసేపు నిశ్శబ్దమేర్పడును. ఆ నిశ్శబ్దమును చెవియొగ్గి వినవలెను. గుంయిమను మ్రోత, చిటపటలు, ఇతరుల మాటల నీడ – వీనిలో ఏది వినిపించినను తీగలో దోషము కలదు. తరువాత ఇంటిలోని ఇతర కుదురులకు తగిలించిన సమాంతర టెలిఫోనులనన్నిటిని తీసివేసి మరల వినవలెను. మ్రోత తగ్గినచో దోషము ఇంటిలోనిది. తగ్గనిచో, బయటి తీగ ఇంటిలోనికి ప్రవేశించుచోట టెలిఫోనును తగిలించి వినవలెను. అచ్చటను మ్రోత యున్నయెడల దోషము బయటిది. ఇట్లు రెండు యజమానుల నడుమ సరిహద్దును ఒక చిన్న పరీక్షతో గీయవచ్చును.

వర్షము కురిసిన దినములలో దోషము హెచ్చి, ఎండకాసిన దినములలో తగ్గుచున్నచో తీగల అతుకులలో నీరు చేరినదని భావింపవచ్చును. నిర్ణీతమైన కారణము లేక నడుమ తెగుచున్నచో కాల్ వెయిటింగు సౌకర్యమును పరీక్షింపవలెను. మరియొక పిలుపు వచ్చినదని తెలుపు ఆ సన్నని ధ్వనియే సంబంధమును త్రెంచగలదు. వాహకధ్వని ఎంతసేపు మాయమైనచో మోడెము తీగను వదలవలెనో ‘ఎస్10’ అను గడిలోని అంకె నిర్ణయించును. అది సెకనులో పదియవ వంతుల లెక్క. సామాన్యముగా అందు 14, అనగా 1.4 సెకనులు ఉండును. దానిని పెంచినచో స్వల్పమైన ఆటంకములను మోడెము ఓర్చుకొనును. కాని ఇది చికిత్స కాదు, ఉపశమనము మాత్రమే.

4. పిలుపు, బదులు

పిలుపు విఫలమైనప్పుడు మోడెము ఊరకుండదు. కారణమును తన మాటలలో చెప్పును. చాలమంది ఆ మాటను చదువకయే మరల మరల పిలుతురు. ‘నో డయల్‌టోన్’ అనినచో తీగ చచ్చినది, లేక మోడెము ఆ టోనును గుర్తింపలేకున్నది. ఇతర దేశపు టోనుకై తయారైన మోడెములకు ఈ ఇబ్బంది కలుగును. రిసీవరులో టోను వినిపించుచు, మోడెము మాత్రము లేదనుచున్నచో ‘ఏటీఎక్స్3’ అను ఆజ్ఞతో టోనుకై వేచియుండకుండ పిలుచునట్లు చేయవచ్చును. ‘బిజీ’ యనినచో అవతలి తీగలన్నియు నిండియున్నవి. అది దోషము కాదు, చాలమి. ‘నో ఆన్సర్’ అనినచో గంట మ్రోగినను ఎత్తినవారు లేరు. ‘నో క్యారియర్’ అనినచో అవతలి మోడెముతో పొత్తు కుదరలేదు, లేదా కుదిరి తెగినది. విండోసు కంప్యూటరులు వీనినే అంకెలతో చెప్పెడివి: 680 టోను లేదనుటకు, 676 నిండియున్నదనుటకు, 678 బదులు లేదనుటకు, 691 పేరుగాని సంకేతపదముగాని చెల్లలేదనుటకు.

ఇచ్చట ధనమునకు సంబంధించిన భేదమొకటి కలదు. ఎత్తనిపిలుపునకు రుసుము లేదు. ఎత్తిన పిమ్మట విఫలమైన ప్రతి పిలుపునకు రుసుము పడును. కావున ‘నో క్యారియర్’ వచ్చుచుండగా పట్టుదలతో పదేపదే పిలుచుట రుసుమును పెంచుటయే యగును.

5. మోడెముల ఒడంబడిక, వేగము

మోడెములోని చిన్న స్పీకరునుండి వినవచ్చు కూతలు అర్థములేనివి కావు. పిలుపు నందుకొన్న మోడెము ముందుగా 2100 హెర్ట్‌జుల స్వరమును పలుకును. టెలిఫోను మార్గములోని ప్రతిధ్వనినివారక యంత్రములను ఆ స్వరము తాత్కాలికముగా నిద్రపుచ్చును. పిదప రెండు మోడెములును తీగను పలుస్వరములతో కొలిచి, తమకు సాధ్యమైన వేగమును నిర్ణయించుకొనును. ఈ కూతలు మధ్యలో ఆగి మరల మొదటినుండి ఆరంభమగుచున్నచో కొలత కుదురుట లేదని అర్థము.

వేగమును గూర్చి రెండు భ్రమలు వ్యాపించియుండెను. మొదటిది ‘కనెక్ట్ 115200’ అని కనిపించినప్పుడు తీగమీద అంత వేగము కలదనుకొనుట. కొన్ని మోడెములు అచ్చట తెలుపునది కంప్యూటరునకును మోడెమునకును నడుమనున్న వేగమును మాత్రమే. రెండవది 56,000 అని పెట్టెమీద వ్రాసినచో ప్రతి తీగమీదను అంత వేగము రావలెననుట. టెలిఫోను మార్గము మాటకై యేర్పడినది. 300 నుండి 3400 హెర్ట్‌జుల వరకే దాని వ్యాప్తి. ఎక్స్ఛేంజి ఆ ధ్వనిని సెకనునకు 8000 మార్లు కొలిచి, కొలత కెనిమిది బిట్ల చొప్పున, 64,000 బిట్లుగా మార్చును. ఆ మార్పిడిలో కొంత సూక్ష్మమైన దోషము తప్పదు. 1996 నాటి వి.34 ప్రమాణమున సాధ్యమైన గరిష్ఠవేగము 33,600 బిట్లు.

1998లో వచ్చిన వి.90 ప్రమాణము ఒక ఉపాయమును కనుగొన్నది. ప్రవేశ సర్వరును ఎక్స్ఛేంజితో అంకెల రూపముననే కలిపినచో, సర్వరునుండి ఇంటికి వచ్చు త్రోవలో ధ్వనినుండి అంకెలకు మార్పిడియే యుండదు. కావున ఇంటివైపు 56,000 వరకు పోవచ్చును. ఇందువలన రెండు విషయములు తేలుచున్నవి. ఇంటి మోడెములు రెండింటిని ఒకదానితో ఒకటి కలిపి పరీక్షించినచో 33,600 కంటె ఎక్కువ ఎన్నటికిని రాదు. అది లోపము కాదు. అట్లే ఇంటికిని ఎక్స్ఛేంజికిని నడుమ ఆఫీసు బోర్డువంటి మరియొక మార్పిడి యంత్రమున్నచో మంచి మోడెమును 33,600 లోపుననే నిలుచును.

నిజమైన వేగమును తెలిసికొనుటకు ముందే కుదించిన ఫైలు నొకదానిని దించుకొని కాలమును కొలువవలెను. సామాన్యపు ఉత్తరములను మోడెమే వి.42బిస్ పద్ధతిచే కుదించును గనుక వానితో చేసిన కొలత మోసగించును. సెకనునకు 28,800 బిట్ల వేగమున ఒక మెగాబైటు ఫైలునకు ఇంచుమించు అయిదు నిమిషములు పట్టవలెను. అది పదునైదు నిమిషములైనచో చెడిన భాగములను మోడెములు మరల మరల పంపుకొనుచున్నవని తెలిసికొనవలెను.

6. గుర్తింపు

మోడెములు కుదిరిన పిమ్మట కంప్యూటరును సర్వరును పీపీపీ యను నియమావళి ననుసరించి మాటలాడుకొనును. 1994లో ప్రమాణీకరింపబడిన ఈ నియమావళిలో మూడు ఘట్టములు కలవు. మొదట ఎట్లు మాటలాడవలెనో నిర్ణయించుకొందురు. తరువాత వచ్చినవాడెవడో విచారింతురు. చివరకు చిరునామా నిత్తురు. ఏ ఘట్టమున నిలిచినదో తెలిసినచో దోషము సగము దొరకినట్లే.

టెర్మినల్ కిటికీనుండి పిలిచి, సంబంధము కుదిరిన తోడనే తెరమీద నేమి కనిపించునో చూడవలెను. పేరు నడుగు పంక్తి కనిపించినచో సర్వరు అక్షరములతో సంభాషింప గోరుచున్నది. పీపీపీని మొదలుపెట్టుటకు ముందు వేరొక ఆజ్ఞ నీయవలసియుండును. ‘~’ అను అలగుర్తుతో మొదలగు అర్థములేని గుర్తుల పంక్తి మాటిమాటికి వచ్చుచున్నచో సర్వరు అప్పటికే పీపీపీలో మాటలాడుచున్నది. ఆ అలగుర్తు ప్రతి సందేశమునకు సరిహద్దురాయి. అక్షరములలో కొన్ని సరిగాను, ఇంచుమించు సగము వికృతముగాను కనిపించినచో ఒకవైపు ఏడు బిట్ల అమరికయు, మరియొకవైపు ఎనిమిది బిట్ల అమరికయు నున్నవి. ఏడు బిట్లలో 128 గుర్తులకే తావు కలదు. ఇట్టి ఇరుకు మార్గములలో తెలుగులిపి పోజాలదు గనుకనే ఆనాటివారు తెలుగును ఇంగ్లీషు అక్షరములలోనికి మార్చుకొనిరి.

విచారణకు రెండు పద్ధతులు వాడుకలో నుండెను. పాప్ పద్ధతిలో సంకేతపదము ఉన్నదున్నట్లు తీగమీద పోవును. చాప్ పద్ధతిలో సర్వరు ఒక ప్రశ్నను పంపును. కంప్యూటరు తన సంకేతపదముతో లెక్కించిన జవాబును మాత్రము పంపును. చాప్ నెరవేరుటకు సర్వరునకు అసలు సంకేతపదము తెలిసియుండవలెను. తిరిగి విప్పరాని రూపమున దానిని దాచియుంచిన చోట్ల అదే పేరు, అదే సంకేతపదము పాప్‌తో చెల్లి, చాప్‌తో చెల్లవు. ఇట్టి సమయమున వాడుకరి తాను సంకేతపదమును మరచితినని తన్ను తానే నిందించుకొనును. తప్పు మాత్రము అమరికది.

7. చిరునామా, పేరు

గుర్తింపు ముగిసి చిరునామా లభించిన పిమ్మట కూడ ‘పని జరుగుట లేదు’ అను ఫిర్యాదు రావచ్చును. అప్పుడు పింగ్ అను ఆజ్ఞతో మూడు మెట్ల పరీక్ష చేయవలెను. మొదట ప్రవేశ సర్వరు చిరునామాకు, తరువాత దూరమునున్న వేరొక యంత్రపు అంకెల చిరునామాకు, చివరకు ఒక పేరునకు పంపవలెను. మొదటిది విఫలమైనచో సంబంధమే దృఢముగా లేదు. మొదటిది నెగ్గి రెండవది విఫలమైనచో దోషము సాధారణముగా సర్వరునకు ఆవలనున్నది. మూడవది మాత్రమే విఫలమైనచో పేరును అంకెలుగా మార్చు వ్యవస్థ చిరునామా తప్పినది. ఈ కడపటి సందర్భమున మోడెమును మార్చుట తలనొప్పికి కాలికి కట్టుకట్టుట వంటిది.

8. సర్వరు వైపు పరీక్షలు

సేవ నిచ్చువారికిని ఇట్టి వరుసయే కలదు. ఎక్స్ఛేంజినుండి వచ్చు ఇ1 అను మార్గపు వేగము సెకనునకు 20,48,000 బిట్లు. అందు 64,000 బిట్ల గదులు 32 కలవు. 30 పిలుపులకు, ఒకటి సంజ్ఞలకు, ఒకటి తాళమునకు. ముప్పదియొకటవ వానికి బిజీ ధ్వనియే గతి. చిన్న సంస్థలు అంత ఖర్చు భరింపలేక సామాన్యపు తీగలను కొన్నిటిని వరుసగా చేర్చి, ఒక్కొక్కదానికి ఒక మోడెమును తగిలించి, అన్నిటికి ఒకే సంఖ్యను పొందెడివి. ఆ సంఖ్యను పిలిచినప్పుడు ఎక్స్ఛేంజి మొదటినుండి వెదకి, ఖాళీగా నున్న మొదటి తీగమీద గంట మ్రోగించును.

పేరును సంకేతపదమును విచారించు పనికి రేడియస్ అను నియమావళి యుండెను. లివింగ్‌స్టన్ సంస్థ దీనిని 1991లో రూపొందించినది. పాత అమరికలలో దీనికి 1645వ ద్వారము, తరువాతివానిలో 1812వ ద్వారము నిర్ణయింపబడినవి. ప్రవేశ సర్వరు ఒక ద్వారమున నడుగుచు, రేడియస్ యంత్రము మరియొక ద్వారమున వినుచున్నచో ఏ వాడుకరికిని ప్రవేశము లభింపదు. కావున ‘తిరస్కరింపబడినది’, ‘బదులు రాలేదు’ అను రెండు ఫలితములను దినచర్యలో వేరువేరుగా చదువవలెను. మొదటిది వాడుకరి విషయము. రెండవది సంస్థ విషయము. గుర్తింపు నెగ్గి చిరునామా దొరకనిచో పంచవలసిన చిరునామాలు నిండుకొన్నవని చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మోడెముల గుణదోషముల పట్టిక. ఒక్కొక్క మోడెమునకు వచ్చిన పిలుపులెన్ని, నెగ్గినవెన్ని యని వేరువేరుగా లెక్కింపవలెను. మొత్తము సగటును చూచినచో ఒక్క చెడిన మోడెము మంచివాని మధ్య దాగిపోవును.

9. హోసూరు అచ్చుకూటము

ఇప్పుడు ఆ అచ్చుకూటపు సంగతి. నేను ముందుగా ‘ఏటీ’ పరీక్షయు, స్వయంశ్రవణ పరీక్షయు చేసితిని. మూడు మోడెములును నిర్దోషములు. నిశ్శబ్దముగా నున్న తీగను వింటిని. చిటపటలు స్పష్టముగా నుండెను. సమాంతర టెలిఫోనును తీసివేసినను తగ్గలేదు. బయటి గోడయొద్ద విన్నను అట్లే యుండెను. లైన్‌మాన్ వచ్చి గోడమీది పెట్టెను తెరచి చూడగా అతుకులు పచ్చని చిలుముపట్టి తడిసియుండెను. వానిని శుభ్రపరచి క్రొత్తగా బిగించిన పిమ్మట సంబంధము నడుమ తెగుట మానెను.

కాని కొన్ని పిలుపులకు అసలు బదులు లేకుండుట మానలేదు. రెండు దోషములు ఒకేసారి యుండుటచేత ఇంతవరకు ఏ చికిత్సయు ఫలించినట్లు కానరాలేదు. వారము దినములపాటు ప్రతి పిలుపును గంటతో వ్రాయుమని యజమానికి చెప్పితిని. ఆ పట్టిక చూచి ఇరువురమును ఆశ్చర్యపోతిమి. తెల్లవారుజామున, పిలుచువారు తక్కువగా నున్నప్పుడు, పిలుపులు దాదాపు అన్నియు ‘నో ఆన్సర్’. సాయంకాలము, రద్దీ మిక్కుటముగా నున్నప్పుడు, పెక్కు పిలుపులు సఫలములు. సామాన్యముగా మనమనుకొనునది దీనికి విరుద్ధము.

కారణమును ఆలోచింపగా తేలినదిది. సంస్థవారి వరుసలో రెండవ తీగయొద్దనున్న మోడెము గంట మ్రోగినను ఎత్తుట లేదు. తెల్లవారుజామున మొదటి తీగమీద ఎవరో ఒకరు ఉందురు. తరువాతి పిలుపు రెండవ తీగకే పోవును. అది ఎన్నటికిని ఎత్తదు. ఎత్తదు గనుక ఎల్లప్పుడును ఖాళీగానే కనిపించును. కావున మరల పిలిచినను అచ్చటికే పోవును. సాయంకాలము మరియొక అభాగ్యుడు ఆ తీగమీద గంట మ్రోగించుచుండగా మన పిలుపు దానిని దాటి మూడవ తీగను చేరును. పట్టికను సంస్థవారికి చూపి, ప్రతి తీగను దాని సొంతసంఖ్యతో పిలిచి చూడుమని కోరితిమి. వారు అట్లు చేసి, రెండవ మోడెమును మార్చిరి. మరునాటి తెల్లవారుజామున మొదటి పిలుపుననే ప్రతులు బెంగుళూరు చేరినవి.

ఈ వ్యవహారమున ఎవరును అబద్ధమాడలేదు. టెలిఫోను కార్యాలయమువారికి మాట నిజముగానే వినిపించినది. సంస్థవారి సర్వరు సాయంకాలము నిజముగానే పనిచేసినది. కంప్యూటరు విక్రయించినవారి అనుమానమును సగము నిజమే. ప్రతివారును తమ కంటికి కనిపించిన భాగమునుబట్టి తీర్పు చెప్పిరి. మూల్యము చెల్లించినవాడు మాత్రము వాడుకరి.

10. ఉపసంహారము

రాగితీగలు తొలగి గాజుతీగలు వచ్చినవి. మోడెముల కూత వినని తరము పెరిగినది. అయినను ఇంటి పరికరము ఒకరిది, మార్గము వేరొకరిది, దూరపు యంత్రము మరియొకరిది యగుట నేటికిని మారలేదు. సంబంధము చెడినప్పుడు ఒకరినొకరు నిందించుకొనుటయు మారలేదు. కావున డయల్-అప్ నేర్పిన నియమములు నేటికిని శిరోధార్యములు: యంత్రము చెప్పిన మాటను చదువుము; దగ్గరనుండి దూరమునకు పొమ్ము; సరిహద్దుయొద్ద పరీక్షింపుము; ఒక పర్యాయమున ఒక్క మార్పునే చేయుము; గంటతో సహా వ్రాసికొనుము.

ఆ అచ్చుకూటపు యజమానిని కాపాడినది క్రొత్త మోడెము కాదు. ఒక రూపాయి పెన్సిలు, పాత లెక్కల పుస్తకములోని ఖాళీపుట. సాక్ష్యము చేతనున్నవాని మాటను ఏ కార్యాలయమైనను వినక తప్పదు.